నా కొలత ఒక్క లీటరే

నేను చౌకడిపోలో కిరసనాయిలు పోసిన లీటరు కొలతను. రేకు ఒళ్లు, పొడుగాటి పిడి, పక్కన తూనికలు కొలతల శాఖవారి ముద్ర. ముద్ర పడిన నాడు నిఖార్సయిన లీటరునే. తర్వాత మా డీలరు నా అడుగున లోపలికి ఓ సొట్ట పెట్టాడు. అది ప్రతి కార్డు దగ్గరా ఎంత మింగిందో మా ఇద్దరికే తెలుసు.

నాలో పోసే నూనె నీలంగా ఉండేది. పేదల నూనె అని పోల్చుకోవడానికి సర్కారు కలిపించిన రంగు. రంగు చూసి దొంగ జంకుతాడా? డీజిలు కన్నా బాగా చవక కాబట్టి డ్రములకు డ్రములే డీజిలులో కల్తీగా కలిసి లారీ ట్యాంకుల్లోకి వెళ్లిపోయేవి. ఈ నూనెలో మూడో వంతుకు పైగా పక్కదారి పడుతోందని 2005లోనే ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్ అధ్యయనం తేల్చింది. దానిముందు నా సొట్ట ఏపాటి! 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర ఈ కల్తీని పట్టుకోబోయిన అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను సజీవంగా తగలబెట్టారు. ఆ ఖర్చు ఏ సబ్సిడీ పద్దులోకీ ఎక్కలేదు.

అందుకే 2016 జులై నుంచి లీటరుకు పావలా చొప్పున ధర పెంచుకుంటూ పోయి, 2021-22 బడ్జెట్ నాటికి సబ్సిడీని సున్నా చేశారంటే నేను ఏడవలేదు. బుడ్డిదీపం ముందు చదివిన పిల్లల ముక్కుల్లో మసి నాకు తెలుసు.

నా గొడవ వేరు. తెల్లకార్డు మీద ఎంత కోటా ఉన్నా, "ఒక్క లీటరే పొయ్యి నాయనా, మిగతాది కూలి డబ్బులొచ్చాక" అనేది మా డిపోకొచ్చే ఓ అవ్వ. ఆ మాట నాతో చెల్లింది. కిరసనాయిలు బదులు పేదల వంటింటికొచ్చిన ఉజ్వల పథకం గ్యాసు సిలిండరుతో చెల్లదు. 14.2 కిలోలూ ఒక్కసారే కొనాలి. 2022లో దాని ధర వెయ్యి దాటింది. సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది సరే, ముందు చేతిలో ఉండాలిగా! అయిదు కిలోల చిన్న సిలిండరు కూడా ఉందట, మా వీధిలో ఎవరింటా చూడలేదు. ఢిల్లీలో ధర మీద ఎన్ని కమిటీలు కూర్చున్నాయో! కూలి రోజుకింతని వస్తుంటే పొయ్యి ఖర్చు ఒక్కసారే పెట్టమంటే ఎలాగన్నది మా డిపో అరుగు మీద అందరికీ తెలిసిన సంగతి.

మొన్న కట్టెలమోపుతో పోతున్న అవ్వను డీలరు ఆపాడు.

"గ్యాసు ఉందిగా, ఇవెందుకే?"

"ఉంది నాయనా. అల్లుడొస్తే వెలిగిస్తా."