పేగు మార్చుకునే విధానం: తోకకప్పలకు సూచనలు

మీరు ఆఫ్రికా గోళ్ల కప్ప సంతానమైతే ఈ సూచనలు మీకే. ముందు నీళ్లలోని నాచు నలుసుల్ని వడకట్టుకు తింటూ, చుట్టలు చుట్టలుగా ఓ పొడవాటి పేగు పెంచుకోండి. శ్రద్ధగా పెంచండి. ఎలాగూ అందులో సుమారు ముప్పాతిక వంతు పొడవు పోవలసిందే.

తొందర పనికిరాదు. పేగును మార్చే జన్యువులు మీ దగ్గర మొదటినుంచీ ఉన్నాయి. వాటి మీద థైరాయిడ్ హార్మోన్ గ్రాహకం, ఫైలు మీద కూర్చున్న గుమాస్తాలా కదలకుండా కూర్చుని ఉంటుంది. హార్మోన్ రానంతవరకూ 'వీల్లేదు' అనడమే దాని ఉద్యోగం. వచ్చి అతుక్కుందా, అదే గ్రాహకం, అదే కుర్చీలోంచి, ఆ జన్యువుల్నే పరుగులు పెట్టిస్తుంది.

దొడ్డిదారిన హార్మోన్ సంపాదిస్తానంటారా? 1912లో గుడెర్నాచ్ అనే ఆయన తోకకప్పలకు గుర్రపు థైరాయిడ్ మేపాడు. ఎదగాల్సినంత ఎదగకుండానే అవి గబగబా కప్పలైపోయాయి. బుల్లి కప్పగా బతకడం మీకిష్టమైతే కానివ్వండి.

పోనీ, గ్రాహకాన్నే పీకేస్తే? అమెరికాలో యున్‌బో షీ బృందం మీ చుట్టం జెనోపస్ ట్రోపికాలిస్‌లో అదీ చేసి చూసింది. ఆల్ఫా రకం తీసేస్తే కాళ్లు ముందే వచ్చాయి, పేగు మాత్రం వెనకబడింది. ఆల్ఫా, బీటా రెండూ తీసేస్తే 66 దశల ఎదుగుదల 61 దగ్గరే ఆగింది. ఆ తర్వాత చావే.

ఇక అసలు ఘట్టం. తిండి మానేయండి. పేగు లోపలి పొరలో చాలామటుకు కణాలు తమంతట తామే చచ్చిపోతాయి, ఏడవకండి. పొర కింది బంధన కణజాలంలో స్ట్రోమెలైసిన్-3 జన్యువు మేల్కొంటుంది. అది తయారుచేసే ఎంజైము కణాల చుట్టూ ఉన్న అల్లికను కొరికి మార్చేస్తుంది. కొన్ని కణాలు మాత్రం చావకుండా, నేర్చిన పని మరచి, మూలకణాలుగా మారతాయి. వీటి పుట్టుకా వాటి చావూ ఒకే హార్మోన్ చలవ. ఎవరు చావాలో, ఎవరు ఉండాలో మీరు సలహా ఇవ్వబోకండి, ఎవరూ అడగలేదు.

ఒక్క జాగ్రత్త. హార్మోన్ కబురు పై పొరకు అందితే సరిపోదు, కింది బంధన కణజాలానికీ అందాలి. అది పలకకపోతే మూలకణాలు రావు. అవి వచ్చాక సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుతో ఆ కణజాలానికి తిరుగు కబురు పంపుతాయి. (జన్యువుకి వీడియో గేమ్ పేరు పెట్టిన పుణ్యాత్ములు మా జాతివాళ్లే, క్షమించండి.)

ఆ మూలకణాలు కొత్త పొర కట్టేశాక, ఒక్క మడతతో నెట్టుకొచ్చిన పేగులో ఇప్పుడు బోలెడు మడతలు. ఇక పురుగుల్ని మింగొచ్చు. తోక ఇంకా కాస్త మిగిలుందని కంగారు పడకండి, దానికీ ఉత్తర్వు అందే ఉంటుంది.