గుండ్రటి ప్లగ్గు బాబాయి

జిరాక్సు, లామినేషన్, పెళ్లిపత్రికలు అని ఒకే బోర్డు మీద రాసున్న కొట్టులోకి వెళ్తే బాబాయి కనిపిస్తాడు. ఊరికొకరు ఉండనే ఉంటారు. సీపీయూ మారుస్తాడు, మానిటర్ మారుస్తాడు, అవసరమైతే అద్దిల్లు మారతాడు. కీబోర్డు మాత్రం మార్చడు. అది టీవీఎస్ గోల్డ్. చెర్రీ బ్లూ స్విచ్చులు. ఆయన టైపు కొడుతుంటే పక్కకొట్టు టైలరు, తన మిషను చప్పుడు తనకే వినపడట్లేదని గొడవకొస్తాడు.

మీటల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. దసరాకి పెట్టిన కుంకుమ ఎంటర్‌కీ షిఫ్టుకీ మధ్య సందులో గడ్డకట్టి ఉంటుంది. పాత టూత్‌బ్రష్షుతో అంతా తోముతాడు గానీ ఆ కుంకుమ జోలికి పోడు. అను ఫాంట్ల లేఅవుట్ ఆయన వేళ్లలో ఉంది. ‘క్ష’ ఎక్కడుందంటే చెప్పలేడు, కళ్లు మూసుకుని కొట్టి చూపిస్తాడు.

చిక్కంతా కొత్త కంప్యూటర్ వచ్చిన రోజే. కొన్ని మదర్‌బోర్డులకి ఇప్పటికీ గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఈయన కొన్నదానికి లేదు, యూఎస్‌బీవే ఉన్నాయి. కీబోర్డు ఊదారంగు ప్లగ్గు చేత్తో పట్టుకుని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, “డిఫెక్టు పీసురా, వెనక్కిచ్చెయ్” అని తేల్చేస్తాడు. ఆ ఆరుకాళ్ల ప్లగ్గు 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చింది, ఆ పేరే దానికి నిలిచిపోయింది. యూఎస్‌బీ పుట్టింది 1996లో. తొమ్మిదేళ్లు పెద్దది గనక సర్దుకోవాల్సింది చిన్నదేనని బాబాయి లెక్క.

కొట్లో కుర్రాడు పరిగెత్తి చిన్న అడాప్టర్ తెస్తాడు. పెడితే నమ్‌లాక్ లైటు మినుక్కుమని ఆరిపోతుంది.

“డ్రైవర్ ప్రాబ్లమేమో బాబాయ్.”

“కీబోర్డుకి డ్రైవరేంట్రా, అదేమన్నా ఆటోనా? పెద్ద ఐదుకాళ్ల ప్లగ్గు రోజుల్లోనూ ఇలాంటి ముక్కే పెట్టా. టకటకా నడిచింది.”

అబద్ధం కాదు. అప్పుడు మారింది ప్లగ్గు ఆకారమే, లోపలి సంకేతాలు అవే. యూఎస్‌బీకి వచ్చేసరికి పద్ధతే మారింది. పాత కీబోర్డు మీట నొక్కగానే తనంతట తనే చెప్పేస్తుంది. యూఎస్‌బీలో కంప్యూటర్ అడిగితేనే కీబోర్డు చెప్పాలి. అడక్కుండా నోరు విప్పకూడదన్న రూలు బాబాయికీ పడదు, ఆయన కీబోర్డుకీ పడదు. ఉత్త అడాప్టర్ రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డులకే పనికొస్తుంది. తక్కినవాటికి లోపల చిప్పున్న కన్వర్టర్ కావాలి. దానికోసం కుర్రాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీ మెట్లెక్కుతాడు.

ఈలోగా పెళ్లివారొస్తే బాబాయి “సర్వర్ డౌన్” అంటాడు. ఆ కొట్లో సర్వరెక్కడిదని ఎవరూ అడగరు. పోనీ కొత్త కీబోర్డు మీదే కొట్టివ్వమంటే, వధువు పేరు సగం కొట్టి ఆపేసి, “చప్పుడు లేకపోతే తప్పులు పడతాయమ్మా, పెళ్లి వ్యవహారం” అంటాడు. పెళ్లికూతురి తండ్రికి ఆ ముక్క బాగానే ఎక్కుతుంది, రేపొస్తానని వెళ్లిపోతాడు.

కన్వర్టర్ వస్తుంది. పెట్టగానే పనిచేస్తుంది. బాబాయి రెండు పేరాలు కొట్టి, చెవొగ్గి విని, పెదవి విరుస్తాడు.

“నడుస్తోంది గానీ, చప్పుడు కాస్త తగ్గిందిరా.”

“చప్పుడు కంప్యూటర్లోంచి రాదు బాబాయ్!”

“నాకు చెప్తున్నావా? సర్లే, ఇలాంటివి ఇంకో రెండు తెచ్చి పడెయ్. ఈ కంప్యూటర్ ఎన్నాళ్లుంటుందో ఏమో.”