చెల్లని రూపాయికి గీతలెక్కువ

పది రూపాయల బిళ్ల అసలుదో దొంగదో తేల్చడానికి మన దగ్గర పెద్ద చదువేం అక్కర్లేదు. ఒక కిరాణా కొట్టు, అందులో ఓ గల్లాపెట్టె, దాని వెనక కూర్చోడానికో స్టూలు ఉంటే పరిజ్ఞానం దానంతటదే వచ్చేస్తుంది. బిళ్లను చేత్తో పట్టుకోవాల్సిన పని కూడా లేదు. కౌంటరు మీద అది పడిన చప్పుడుకే తీర్పు వెలువడుతుంది: "ఇవి నడవట్లేదు సార్, అన్నీ దొంగవే వస్తున్నాయి. నోటుంటే ఇవ్వండి."

ఆయన అడిగే నోటు ఎలా ఉంటుందో మనకు తెలుసు. చెమటకు తడిసి, మడతల దగ్గర చిరిగి, సెలోటేపు దయ మీద బతుకుతున్న పది రూపాయల నోటు. గాంధీగారి కళ్లజోడు అరిగిపోయి ఆయనెవరో గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నా దాని శీలాన్ని ఎవరూ శంకించరు. మధ్యలో స్టీలు, చుట్టూ పసుపుపచ్చ లోహపు కట్టు, 27 మిల్లీమీటర్ల వెడల్పుతో నిగనిగలాడే బిళ్ల మీదే అనుమానమంతా.

ఈ శాస్త్రానికి మూలగ్రంథం వాట్సాప్. పది రూపాయల బిళ్లలు జనం చేతికొచ్చింది 2009లో. అప్పటి ఒక అచ్చులో అంకె పైన 15 గీతలుండేవి. రూపాయికి కొత్త గుర్తు వచ్చాక, 2011 నుంచి వచ్చిన అచ్చులో ఆ గుర్తు చేరి గీతలు 10కి తగ్గాయి. ఇంతే జరిగింది. దీని మీద ఎవరో మహానుభావుడు పదిగీతలది అసలు, పదిహేను గీతలది నకిలీ అని సిద్ధాంతం రాసి ఊరి మీదకు వదిలాడు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని పెద్దలు అననే అన్నారు కదా, జనం ఆ సామెతను గెజిట్ నోటిఫికేషన్‌గా స్వీకరించారు. కొన్నాళ్లు కొట్ల దగ్గర అందరూ కళ్లద్దాలు సవరించుకుని గీతలు లెక్కపెట్టారు. తర్వాత లెక్కపెట్టే ఓపిక కూడా పోయింది. పదైనా పదిహేనైనా బిళ్ల అయితే చాలు, దొంగదే. ఈమధ్య ఇరవై రూపాయల బిళ్లకు కూడా అదే మర్యాద దక్కుతోంది. దానికి పన్నెండు మూలలుండటం అదనపు నేరం.

రిజర్వు బ్యాంకు ఊరుకోలేదు. గుర్తు ఉన్నవీ లేనివీ రెండూ చెల్లుతాయని 2016 నవంబరులో ప్రకటించింది. నమ్మలేదు. 2018 జనవరిలో మరో ప్రకటన ఇస్తూ పది రూపాయల బిళ్లలు 14 రకాల అచ్చుల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ వివరించింది. 14440 నంబరుకు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఇదంతా చెప్పే ఏర్పాటు కూడా చేసింది. మన నిపుణులకు ఇది కొత్త బలమైంది. "చూశారా, పద్నాలుగు రకాలట! అందులో పదమూడు దొంగవే అయ్యుంటాయి."

తెలుగువాళ్ల సంగతిలో ఇంకో తమాషా ఉంది. మీ దగ్గరున్న బిళ్లను తిప్పి, ఏడాది అంకె కింద చూడండి. అక్కడ చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైంది. నైజాం కాలం నుంచి సైఫాబాద్‌లో నడిచిన టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. చర్లపల్లిలో పుట్టిన నాణెం సికింద్రాబాద్ స్టేషన్ బయట పరాయిదైపోతుంది. ఇంటివాళ్లే గుర్తుపట్టనప్పుడు నోయిడా టంకశాల చుక్కనీ, ముంబయి టంకశాల వజ్రం గుర్తునీ పట్టించుకునేదెవరు?

మరి నకిలీ నాణేలే లేవా అంటే, ఉన్నాయి. 2016లో ఢిల్లీ పోలీసులు అయిదు, పది రూపాయల దొంగ నాణేలు కొట్టే కార్ఖానాను పట్టుకున్నారు కూడా. కానీ నకిలీ నాణెంతో నిజంగా దెబ్బతిన్నవాళ్లు ఏం చేస్తారో తెలియాలంటే మన కిరాణా కొట్టు దాటి, వెండింగ్ మిషన్లు నడుపుకునేవాళ్ల దగ్గరకు వెళ్లాలి. అక్కడ స్టూలు మీద మనిషి ఉండడు. మోసపోతే మిషన్‌తో పాటు యజమానీ మునుగుతాడు.

జపాన్‌లో వీధి వీధికీ మిషన్లే. వాళ్ల 500 యెన్ల నాణెం 1982లో వచ్చింది. అదే ఏడాది దక్షిణ కొరియా 500 వాన్ల నాణెం తెచ్చింది. వెడల్పు అదే 26.5 మిల్లీమీటర్లు, లోహం అదే రాగి-నికెల్ మిశ్రమం. బరువు మాత్రం అర గ్రాము ఎక్కువ. విలువ చూస్తే దాదాపు పదో వంతు. మోసగాళ్లు కొరియా నాణేన్ని కాస్త తొలిచి, ఆ అర గ్రామూ తగ్గించి, జపాన్ మిషన్లో వేసేవారు. ఏ వస్తువూ కొనకుండా డబ్బు వాపసు మీట నొక్కితే అసలైన 500 యెన్ల నాణెం చేతిలో పడేది. ఇదీ దొంగతనమంటే. కొలత తీసుకుని, లోహం తెలుసుకుని, చెమటోడ్చి చేసినది.

దానికి జపాన్‌వాళ్లు ఏం చేశారు? 2000లో నాణెం లోహాన్నే మార్చేశారు. 2021లో రెండు రంగుల లోహంతో మళ్లీ మార్చారు. కొత్త నాణేన్ని గుర్తుపట్టేలా మిషన్లను సరిచేసుకున్నారు. బ్రిటన్‌లోనూ అంతే. గుండ్రటి పౌండు నాణేల్లో ముప్పైకి ఒకటి దాకా దొంగదేనన్న అంచనా ఉండగానే దేశమంతా దాన్ని తీసుకుంటూ పోయింది. 2017 మార్చిలో పన్నెండు మూలల కొత్త పౌండు వచ్చింది, అక్టోబరు 15తో పాతది రద్దయింది. వందకు మూడు దొంగ నాణేలున్న చోట వ్యాపారం ఆగలేదు. వందకు ఎన్నున్నాయో అడగాలన్న ఆలోచనే రాని చోట బేరం ఆగిపోతోంది.

మిషన్ పరీక్ష ఎలా చేస్తుందో కూడా చూద్దాం. నాణెం జారే దారి పక్కన చిన్న తీగచుట్టలుంటాయి. నాణెం వాటిని దాటేటప్పుడు అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను బట్టి లోహమేదో, మందమెంతో, వెడల్పెంతో అది పసిగడుతుంది. లెక్క కుదిరితే పెట్టెలోకి, కుదరకపోతే కింది గిన్నెలోకి. క్షణం పట్టదు. గీతలెన్నో దానికి తెలియదు. పక్క మిషన్ ఈ నాణేన్ని తీసుకుంటుందో లేదో అది కనుక్కోదు.

మన నిపుణుడు కనుక్కునేది ఆ ఒక్కటే. అసలు విషయం ఇక్కడుంది. బిళ్ల దొంగదని కొట్టాయన నిజంగా నమ్ముతున్నాడా? నమ్మితే ఆయన చేయాల్సింది వేరు. నకిలీ నాణేన్ని తెలిసి తెలిసి అసలుదిగా చెలామణి చేయడం భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద నేరం. దొంగ బిళ్ల కంటబడితే పోలీసులకు అప్పగించాలి. మనవాడు మాత్రం దొంగదని ప్రకటించిన మరుక్షణం దాన్ని తిరిగి మన అరచేతిలోనే పెట్టి, "బస్సులో ఇచ్చేయండి సార్, తీసుకుంటారు" అని దారి కూడా చూపిస్తాడు. నకిలీ సొమ్ము మార్చుకునే మార్గం ఇంత మర్యాదగా, ఉచితంగా చెప్పే దేశం మరొకటి ఉండదు.

అంటే ఆయనకు తెలుసు, అది మంచిదేనని. ఆయన బాధల్లా హోల్‌సేల్ షావుకారు తీసుకోడని. షావుకారు బాధ బ్యాంకులో క్యాషియర్ మొహం చిట్లిస్తాడని. నాణేలు తీసుకోవాల్సిందేనని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు పదేపదే చెప్పింది. కానీ క్యాషియర్‌కు సంచెడు చిల్లర లెక్కపెట్టడం బద్ధకం. కౌంటర్ వెనకున్న ఆ బద్ధకం షావుకారు దాకా వచ్చేసరికి ఇబ్బందిగా, కొట్టు దాకా వచ్చేసరికి నకిలీగా మారింది. "లెక్కపెట్టలేను" అనడం నామోషీ. "దొంగది" అంటే దేశభక్తి.

ఇక చిల్లర ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఇదే కొట్టు పోకడ చూడండి. రెండు రూపాయలు బాకీ అయితే రెండు చాక్లెట్లు కౌంటరు మీద పడతాయి. ఏ టంకశాలా అచ్చు వెయ్యని, ఏ చట్టమూ గుర్తించని ఆ చాక్లెట్‌ను మనం నోరు మెదపకుండా జేబులో వేసుకుంటాం. మర్నాడు అదే చాక్లెట్ ఇచ్చి అగ్గిపెట్టె అడిగితే తెలుస్తుంది దాని మారకం విలువ.

బిళ్లలు వద్దనడానికి విరుగుడుగా ఇంకో పుకారు తిరుగుతోంది. బిళ్ల తీసుకోనివాడి మీద దేశద్రోహం కేసు పెట్టొచ్చట. టీ గ్లాసు దగ్గర తగాదాకు జైలు దాకా పోనక్కర్లేదు. 2011 నాణేల చట్టం 6వ సెక్షన్ చాలు. రూపాయి, ఆ పై విలువున్న నాణేలు వెయ్యి రూపాయల దాకా చెల్లింపుకు చెల్లుతాయని అది తేటగా చెప్పింది. పది రూపాయల బిళ్లలైతే వంద. కానీ పుకారును పుకారుతోనే కొట్టాలన్నది మన పద్ధతి.

2023లో రిజర్వు బ్యాంకు మరో అడుగు వేసింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఖాతాలోంచి డబ్బు తీసుకుని నాణేలు ఇచ్చే వెండింగ్ మిషన్లను 12 నగరాల్లో 19 చోట్ల పెడతామంది. ఇతర దేశాల్లో నాణెం వేస్తే వస్తువు వస్తుంది. మన దగ్గర నాణెమే వస్తువైంది. దాన్ని తీసుకెళ్లి ఎక్కడ ఖర్చు పెట్టాలో మాత్రం మిషన్ చెప్పదు.

ఫోన్‌తో చెల్లించేవాడికి ఈ గొడవ పట్టదు. సాయంత్రం మూర పూలు అమ్మితే చేతికొచ్చిన నాలుగు బిళ్లలతో పాల ప్యాకెట్ కొనబోయి, పాలూ లేక నోటూ లేక నిలబడే ఆమెకే పడుతుంది. ఆ నలభై రూపాయలూ కష్టపడి సంపాదించినవే. వాటిని దొంగసొమ్ము అంటున్నాం.

కాబట్టి ప్రకటనలు ఇంకో వంద వచ్చినా లాభం లేదు. అబద్ధాన్ని నమ్మేవాడికి నిజం చెబితే మారతాడు. ఇక్కడ నమ్మేవాడే లేడు. "నాకేం అభ్యంతరం లేదండీ, పక్కవాడు తీసుకోడు" అనేవాళ్లే అందరూ. ఆ పక్కవాడిని అడిగి చూడండి. ఆయన మీ వైపే వేలు చూపిస్తాడు.