ఆయుధాలు లేని పడవ

1916 జూలై రెండో వారంలో అమెరికాలోని బాల్టిమోర్ రేవుకి ఓ జర్మన్ సబ్‌మెరైన్ వచ్చి చేరింది. పేరు డాయిష్‌లాండ్. యూరప్‌లో యుద్ధం మొదలై రెండేళ్ళు కావస్తోంది. అమెరికా మాత్రం అప్పటికి ఏ పక్షమూ చేరలేదు. సబ్‌మెరైన్ అంటేనే జనం వణికిపోయే రోజులవి. ఏడాది కిందటే అలాంటిదొకటి లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను ముంచి దాదాపు 1,200 మందిని పొట్టన పెట్టుకుంది. అందుకే అధికారులు డాయిష్‌లాండ్‌ని లోపలా బయటా క్షుణ్ణంగా వెతికారు. ఫిరంగి లేదు, టార్పెడో గొట్టం లేదు. ఉన్నదల్లా సరుకు. ఇది వ్యాపార నౌకేనని తేల్చేశారు. బ్రిటన్, ఫ్రాన్స్ ఎంత మొత్తుకున్నా ఆ తీర్పు మారలేదు.

జర్మనీ తీరాన్ని బ్రిటిష్ నౌకాదళం దిగ్బంధించింది. నీటి మీద దారి మూసుకుపోతే నీటి కింద నుంచి వ్యాపారం చేద్దామనుకున్నారు బ్రెమెన్ నగరపు వర్తకులు. 65 మీటర్ల పొడవున్న ఈ పడవ అలా పుట్టింది. కెప్టెన్ పాల్ కోనిగ్ అంతకుముందు ప్రయాణికుల ఓడలు నడిపినవాడు. ఆయన తెచ్చిన దాంట్లో ముఖ్యమైనది రంగుల పొడి. జర్మన్ రంగులు రాక అమెరికా బట్టల మిల్లులు అల్లాడుతున్నాయి.   బాల్టిమోర్ ప్రజలు కోనిగ్‌కి బ్రహ్మరథం పట్టారు.

తిరుగు ప్రయాణంలో ఏం ఎక్కించారో చూడండి. 341 టన్నుల నికెల్, 93 టన్నుల తగరం, 348 టన్నుల రబ్బరు. యుద్ధానికి పనికొచ్చే గట్టి ఉక్కు తయారీకి నికెల్ కావాలి. పడవకు ఫిరంగి ఉందా లేదా అని చూసినవాళ్ళు, అది మోసుకెళ్ళే లోహం రేపు ఏమవుతుందో చూడలేదు. నా దృష్టిలో అసలు పొరపాటు అక్కడే జరిగింది. ఆ ఒక్క ప్రయాణంతోనే పడవ కట్టిన ఖర్చుకు నాలుగు రెట్లు తిరిగొచ్చింది.

రెండోసారి అదే ఏడాది నవంబరులో న్యూ లండన్ రేవుకి వచ్చింది. వెళ్ళేటప్పుడు తెల్లవారకముందే బయల్దేరింది. దారి చూపి సాగనంపడానికి రెండు టగ్ పడవలు తోడు వెళ్ళాయి. ప్రవాహం బలంగా ఉన్నచోట డాయిష్‌లాండ్ వాటిలో ఒకదాన్ని గుద్దింది. టగ్ క్షణాల్లో మునిగిపోయింది. దాని సిబ్బంది ఐదుగురూ చనిపోయారు. డాయిష్‌లాండ్ వెనక్కొచ్చి మరమ్మతు చేయించుకుని, నాలుగు రోజులకు మళ్ళీ బయల్దేరింది.

1917 ఫిబ్రవరిలో జర్మన్ నౌకాదళం దాన్ని తీసుకుంది. రెండు 15 సెంటీమీటర్ల ఫిరంగులు, ఆరు టార్పెడో గొట్టాలు బిగించి యు-155 అని పేరు మార్చింది. ఇంకా నిర్మాణంలో ఉన్న మరో ఆరు వ్యాపార సబ్‌మెరైన్లనీ అలాగే మార్చేశారు. సరుకు కోసం కట్టిన విశాలమైన కడుపు, మహాసముద్రాన్ని దాటి తిరిగి రాగల ఇంధనం, ఈ రెండే వాటిని దూరప్రాంతాల్లో వేటాడే యుద్ధనౌకలుగా చేశాయి. యు-155 తన మొదటి దాడికి వెళ్ళి వంద రోజులకు పైగా సముద్రంలోనే ఉంది. 19 ఓడల్ని ముంచింది. అజోర్స్ దీవుల్లోని పొంటా డెల్గాడా పట్టణం మీద గుండ్లు కురిపించింది. యుద్ధం ముగిసేసరికి అది ముంచిన ఓడల సంఖ్య 40 దాటింది. అమెరికా కూడా యుద్ధంలోకి దిగాక, 1918 మే నెలలో దీని తోబుట్టువు యు-151 వెళ్ళి చెసపీక్ అఖాతం ముఖద్వారంలో మందుపాతరలు పెట్టి వచ్చింది. బాల్టిమోర్ ఆ అఖాతం ఒడ్డునే ఉంది. రెండేళ్ళ కిందట కోనిగ్‌ని చూడటానికి జనం ఎగబడ్డ రేవుకి సముద్రం నుంచి దారి అదే.

యుద్ధం ముగిశాక యు-155ని బ్రిటన్‌కి అప్పగించారు. లండన్‌లో టికెట్ పెట్టి దాన్ని జనానికి చూపించారు. ఆ తరవాత పాత ఇనుము కింద బర్కెన్‌హెడ్ పట్టణానికి చేరింది. 1921 సెప్టెంబరు 17న అక్కడ దాన్ని ముక్కలు చేస్తుండగా ఇంజను గదిలో పేలుడు జరిగింది. ఈసారీ ఐదుగురే చనిపోయారు. అందరూ పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాళ్ళు.