రక్తజాగిలాన్ని పెంచడం ఎలా?

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో కాపలాకు కొరత లేదు. 1970లో పుట్టిన భారత్ డైనమిక్స్, 1973లో పుట్టిన మిధాని, డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఎల్, ఈ రక్షణ సంస్థలన్నీ ఇక్కడే. ప్రహరీ వెంట నడుస్తూ పోతే గోడ అయిపోదు, మన కాళ్లే అయిపోతాయి. కానీ గోడ లోపలి క్షిపణికి ఉన్న భద్రత గోడ బయట మన గుమ్మం ముందు చెప్పులకు లేదు. అందుకే రక్తజాగిలం. ఒళ్లు కుక్కది, కోరలు పిశాచానివి, ఉద్యోగం వాచ్‌మన్‌ది. పెంచదలచిన గృహస్థులకు ఈ సూచనలు.

1. కొనుగోలు

ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో కుక్కుటశాస్త్రం తిరగేసి తేల్చుకునే జనం మనం. రక్తజాగిలానికి అలాంటి శాస్త్రం లేదు కాబట్టి అమ్మేవాడి నోటి మాటే శాస్త్రం. తల్లి ముధోల్, తండ్రి ట్రాన్సిల్వేనియా అంటాడు. నమ్మండి. పుట్టిన తేదీ మాత్రం అడగొద్దు, చచ్చిన తేదీ చెబుతాడు.

2. డ్యూటీ

పొద్దుగుంకాక ఎక్కుతుంది, తెల్లారకముందే దిగుతుంది. రంజాన్ నెలంతా సెలవు ఇచ్చేయండి. సహరీ దాకా గల్లీలు మేలుకునే పాతబస్తీలో ఎవరు దొంగో, ఎవరు హలీం కోసం బయల్దేరారో దానికి అంతుపట్టదు. పిలవనిదే పిశాచం గడప దాటదంటారు కాబట్టి ల్యాబ్ గేటు దగ్గర పనికొస్తుందని ఆశపడకండి. దాని రూపం అద్దంలోనే పడదు, ఇక ఫొటో పాస్ ఎలా ఇస్తారు?

3. మేత

రక్తం కొందామంటే కుదరదు. డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం. ఉచితంగా ఇచ్చినా మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి మాత్రమే ఇవ్వాలి. జాగిలానికేమో రోజూ ఆకలే. అమెరికా ఖండాల్లోని రక్తపు గబ్బిలం రెండు మూడు రాత్రులు మేత లేకపోతే చచ్చిపోతుంది. అందుకే కడుపు నిండిన గబ్బిలం తాను తాగింది కక్కి పస్తున్న తోటిదానికి పెడుతుంది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వసూలు చేసి చూసినవారికి అలాంటి పొరుగువాళ్లు మనుషుల్లో దొరకరని తెలుసు. కాబట్టి ఫ్లాట్‌ల వారీగా వంతులు వేయండి. ఆనవాయితీ ప్రకారం అద్దెకున్నవాళ్లతో మొదలుపెట్టండి. వంతు వచ్చినవారు ముందురోజు బిర్యానీ తినకూడదు, వెల్లుల్లి తగిలిందంటే జాగిలానికి ఆ పూట ఉపవాసమే.

4. శిక్షణ

రాకెట్లకు వాడే మారేజింగ్ ఉక్కు మిధానిలో తయారవుతుంది. గొలుసుకు అడగాలని మీకు అనిపిస్తుంది. అడగకండి, అసలు చిక్కు గొలుసులో లేదు, ఎవరిని కరవాలో నేర్పడంలో ఉంది. చెత్త ఏరుకునే పిల్లవాణ్ని, రాత్రి షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికి పోయేవాణ్ని, తెలియని భాష మాట్లాడేవాణ్ని చూపించి ఉసిగొల్పండి. కారు దిగి వచ్చే దొంగకు తోక ఊపితే తప్పు పట్టకండి. ఆ మర్యాద అది మన దగ్గరే నేర్చుకుంది. కాలనీ మీటింగులో సగంమంది ఉంచాలని, సగంమంది పంపేయాలని పట్టుబడతారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాబట్టి తీర్మానం వాయిదా వేసి సమోసాలు తెప్పించండి.

5. టీకా

పిశాచానికి టీకా ఏమిటని నవ్వేయండి. నవ్వడానికి ముందు ఒక్క సంగతి. స్పెయిన్‌కు చెందిన న్యూరాలజిస్టు హువాన్ గోమెజ్-అలోన్సో 1998లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఒక వాదన చేశాడు. రేబిస్ సోకినవాడికి నిద్ర పట్టదు, ఘాటు వాసన గిట్టదు, వెలుగు గిట్టదు, అద్దంలో తన మొహం చూసుకోలేడు, ఒక్కోసారి మీదపడి కరుస్తాడు. పిశాచాల కథలు గుప్పుమన్న రోజుల్లోనే, 1720లలో, హంగరీలో కుక్కలకూ తోడేళ్లకూ రేబిస్ ప్రబలింది. ఆయన ఊహ నిజమైతే పిశాచానికి కుక్క రూపం మనం తగిలించింది కాదు, పిచ్చికుక్క కాటు నుంచే పిశాచం పుట్టింది.

6. పేదవారికి చవక పద్ధతి

కొనే స్తోమత లేదా? గల్లీలోనే తయారు చేసుకోండి. మాంసం దుకాణం వ్యర్థాలు, ఫంక్షన్ హాల్ ఎంగిలి విస్తళ్లు తెచ్చి మూలమలుపులో పోయండి. పిల్లలు రాళ్లు విసురుతుంటే గురి బాగుందని మెచ్చుకోండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. బండి వచ్చినప్పుడు మా కుక్కను ముట్టుకోవద్దని అడ్డుపడండి, చెవి కొస కత్తిరించి తిరిగి తెచ్చినప్పుడు మళ్లీ మా నెత్తినే పడేశారా అని పోట్లాడండి. పైసా ఖర్చు లేకుండా గల్లీకో గుంపు సిద్ధం.

7. కరిస్తే

ఇంతవరకు చెప్పినవి పాటించకండి. ఇది మాత్రం తప్పకుండా పాటించండి. కాటు మీద పసుపు, కారం, ఆకుపసరు పెట్టకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు వేశాక 3, 7, 28వ రోజుల్లో మిగతా మోతాదులు ఉంటాయి, ఒక్కటి కూడా మానకండి. రక్తం వచ్చేలా గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించమని డాక్టరును అడగండి.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. రేబిస్ ముదిరినవారిని చివరికి తీసుకుపోయేది అక్కడికే. అయితే లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. టీకా అంతకుముందే పడాలి, కుక్కకైనా మనిషికైనా.