గాలికన్నా బరువైన బావమరిది

మా బావమరిది పర్సు కుడుతున్నాడు. ఎప్పటినుంచో కుడుతూనే ఉన్నాడు. పర్సు సంగతి దేవుడెరుగు, మా ఇంట్లో ముద్దపప్పు కూడా జిగురు వాసనేస్తోంది. గుమ్మంలోకి వచ్చిన కొరియర్ కుర్రాడు ముక్కు ఎగబీల్చి, "పెయింటింగ్ నడుస్తోందా సార్?" అని అడిగి, సంతకం కూడా తీసుకోకుండా లిఫ్టెక్కేస్తున్నాడు.

ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసే కుర్రాళ్లకు హాబీలు ఎలా అంటుకుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తోలు ముక్కలు, రంగు సీసాలు, పసుప్పచ్చ జిగురు డబ్బా, అన్నీ మా హాల్లో టీపాయ్ మీదే. ఏసీ నడుస్తుంది కాబట్టి కిటికీలన్నీ బిగించి ఉంటాయి. "కాస్త కిటికీ తియ్యవయ్యా" అంటే, "దుమ్ము పడితే ఫినిషింగ్ పోతుంది బావా" అంటాడు. మా ఊపిరితిత్తుల ఫినిషింగ్ అతనికి లెక్కలేదు.

మాస్కు ఏదంటే కోవిడ్ నాటి ఎన్95 తీసి చూపిస్తాడు. తోలు అంచుల్ని గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే దుమ్మును అది ఆపుతుంది, కాదనను. జిగురులోంచి లేచే టోలీన్, హెక్సేన్ ఆవిర్లు మాత్రం దోమతెరలోంచి గాలి దూరినట్టు దూరిపోతాయి. వాటికి బొగ్గు నింపిన కార్ట్‌రిడ్జిల మాస్కు వేరే ఉంది. "అది పెట్టుకుంటే ఆఫీసు మీటింగులో బాగోదు బావా!"

పైగా ఆ ఆవిర్లు గాలికన్నా మూడింతలు బరువు. పైకి పోవు, నేలబారుగా పాకుతాయి. మా ఇంట్లో నేలమీద కూర్చునేది ఎవరు? కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరిగే మా అమ్మ. ఆవిడకు రెండడుగుల అవతల పూజగది, అందులో దీపం. హెక్సేన్ ఆవిరి సున్నాకు 22 డిగ్రీల దిగువన, గడ్డకట్టే చలిలో కూడా నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే సరుకు. మన హైదరాబాదు మే నెలలో దాని హుషారు మీరే ఊహించుకోండి. ఇక వాసన పోగొట్టడానికి మా ఆవిడ చేసే ఉపాయం ఏమిటయ్యా అంటే, అగరొత్తులు వెలిగించడం.

ఇవన్నీ ఒక ఎత్తు, గిన్నె ఒక ఎత్తు.

రంగు కలుపుకోవడానికి అతనికి గిన్నె కావలసి వచ్చింది. వంటింట్లో ప్లాస్టిక్ డబ్బాలు గుట్టలుండగా, నేరుగా వెళ్లి రాజమండ్రి పెద్దత్త గిన్నె తీశాడు. మా గృహప్రవేశానికి ఆవిడ చదివించిన స్టీలు గిన్నె. అంచు చుట్టూ ఆవిడ పేరు, మావయ్య పేరు, తేదీ, చుక్కల అక్షరాల్లో వేయించి మరీ ఇచ్చింది. మన ఇళ్లలో పేరు వేయించిన గిన్నె గిన్నె కాదు, దస్తావేజు. పెద్దత్త వస్తే ముందు మా ఆరోగ్యం అడగదు, వంటింట్లోకి వెళ్లి దాన్ని పలకరిస్తుంది. ఇన్నేళ్ల తోముడుకు ఆ అక్షరాలు కనీకనపడకుండా అయ్యాయి. ఇప్పుడు స్పిరిటు రంగు ప్రతి చుక్కలోకీ ఇంకి, ఆవిడ పేరు ముదురు గోధుమ రంగులో శిలాశాసనంలా వెలిగిపోతోంది. ఎంత తోమినా పోదు. రంగులు కలిపిన గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు, అది ఖాయం. పెద్దత్త పేరున్న గిన్నె వంటిల్లు దాటకూడదు, అదీ ఖాయమే. "ఏమండీ, పోనీ ఇందులోనే మొక్క వేసేద్దామా?" అంది మా ఆవిడ. దస్తావేజులో తులసి మొక్క! ప్రస్తుతం అది అటక మీద అజ్ఞాతవాసంలో ఉంది. పెద్దత్త వచ్చే నెల వస్తోంది.

చేతుల గురించి చెప్పను. నైట్రైల్ గ్లవుజులు వేసుకోవయ్యా అంటే వేళ్లకు పట్టు తెలియదంటాడు. ఆ గోధుమ రంగు వేళ్లతోనే పకోడీ. రంగు వదలకపోతే థిన్నరుతో కడుగుతాడు. థిన్నరు చర్మంలోని జిడ్డు లాగేస్తుంది, కొంత లోపలికీ దిగుతుంది.

మొన్న అతణ్ణి బెదిరించడానికని ఇవన్నీ వెతికి చదువుతుంటే ఒక సంగతి తగిలింది. 1960లలో జపాన్‌లో ఇళ్లలోనే కూర్చుని చెప్పులు అతికించే పనివాళ్లకు కాళ్లూ చేతులూ మొద్దుబారాయి, కొందరు నడవలేకపోయారు. జిగురులోని హెక్సేన్ నరాలను తినేసింది. మా వీధి చివర చెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన డబ్బాకు రోజంతా మూత ఉండదు, బ్రష్షుకు బదులు చూపుడు వేలు. ఆయన్ని గ్లవుజులేవని నేనెప్పుడూ అడగలేదు, చెప్పు ఎప్పటికవుతుందనే అడిగాను. మా తాతల ఊళ్లో తోలు పని చేసేవాళ్లను వాసన అని ఊరి బయటే ఉంచారు. వాళ్లు తోళ్లు ఊరవేసే లందలో నానింది తంగేడు చెక్క, కరక్కాయ. ఇవాళ టోలీన్ మా టీపాయ్ ఎక్కితే దాన్ని హాబీ అంటున్నాం, ఫొటోలు తీసి నలుగురికీ పంపుతున్నాం.

సరే, పర్సు అయింది. బాగానే ఉంది, కార్డులు మాత్రం పట్టవు. ఆదివారం నుంచి బెల్టు మొదలట. దీపం, పొయ్యి దరిదాపుల్లో లేని, గాలి ధారాళంగా ఆడే ఖాళీ బాల్కనీ మీలో ఎవరికైనా ఉంటే చెప్పండి. బావమరిదిని టీ ఫ్లాస్కుతో సహా పంపిస్తాను. గిన్నె మాత్రం మీదే.