వైరస్ నిదానం: నామ, చికిత్సా ప్రకరణాలు

ఏ శాస్త్రానికైనా ముందు అధికారి ఎవరో తేల్చాలి. నిన్నటికంటే ఇవాళ కంప్యూటర్ నెమ్మదించినవాడు, పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకు వెళ్లివచ్చినవాడు, ముక్కూమొహం తెలియని నంబరు నుంచి శుభలేఖ అందుకున్నవాడు ఈ శాస్త్రానికి అధికారులు. తక్కినవారూ వినవచ్చు, వాళ్ల వంతూ వస్తుంది. విషయం: యంత్రంలో దూరి చెరుపు చేసే సాఫ్ట్‌వేర్. ప్రయోజనం: పోయిన ఫొటోలు తిరిగి రావడం. సంబంధం: రిపేరు షాపు.

నామం విషయంలో తెలుగునాట చెల్లుబాటయ్యే మతం అద్వైతమే. ఉన్నది ఒక్క వైరస్, మిగతావన్నీ దాని భ్రాంతి రూపాలు. సిస్టం స్లో అయితే వైరస్. ప్రింటర్ కాగితం మింగితే వైరస్. కీబోర్డు మీద ఒక అక్షరం పడకపోయినా వైరసే. నిన్న దాని మీద ఉప్మా పడిందన్న సాక్ష్యాన్ని ఇంట్లో ఎవరూ ప్రమాణంగా ఒప్పుకోరు. చదువుకున్నవాళ్లు మాల్వేర్ అంటారు, అనువాదకులు హానికర సాఫ్ట్‌వేర్ అంటారు. షాపతను "వైరస్ ఎక్కింది సార్" అన్నాకే రోగి బంధువుల మనసు కుదుటపడుతుంది.

ద్వైతులు దీన్ని ఖండిస్తారు. ఒకే పేరు పెడితే ఒకే మందు వేస్తారని వాళ్ల ఆక్షేపణ. కాబట్టి గడప ఎలా దాటిందో చూసి పేరు పెట్టాలంటారు. పెళ్లి భోజనాల దగ్గర నిలబడి చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. సొంత కాళ్లు లేక, పిలుపు ఉన్నవాళ్ల చెయ్యి పట్టుకుని వచ్చి బంతిలో కూర్చునేది వైరస్. ఏదో ఒక ఫైలునో ప్రోగ్రామ్‌నో అంటిపెట్టుకోనిదే కదలదు. ఎవరి తోడూ అక్కర్లేకుండా పెరటి గోడ దూకి, ఆ ఇంటి నుంచి పక్కింటికీ దూకేది వార్మ్. "మగపెళ్లివారి తాలూకు కాబోలు" అనుకుని మనమే ఎదురెళ్లి, విస్తరి వేసి, కొసరి వడ్డించేది ట్రోజన్. రాన్సమ్‌వేర్, స్పైవేర్ అనేవి జాతులు కావు, వృత్తులు. లోపలికి వచ్చాక డబ్బు గుంజితే మొదటిది, చాటున ఉండి వింటే రెండోది.

వైరస్ అన్న మాటను ఈ అర్థంలో వాడమని సూచించినవాడు లెనార్డ్ ఎడిల్‌మన్, ఆర్ఎస్ఏ గూఢలిపి పేరులోని మూడో అక్షరం ఆయనదే. ఆ మాటను శాస్త్రంలో ప్రతిష్ఠించినవాడు ఆయన శిష్యుడు ఫ్రెడ్ కోహెన్. 1984 నాటి ప్రబంధంలో కోహెన్ ఒక చిక్కుముడి వేశాడు. ఏ ప్రోగ్రామ్‌ను చూపించినా వైరస్ అవునో కాదో తప్పకుండా చెప్పే పరీక్షకుడు ఉన్నాడనుకోండి. ఒక ప్రోగ్రామ్ ఆ పరీక్షకుణ్ని తన కడుపులోనే పెట్టుకుని, "నేనెవర్ని?" అని అడుగుతుంది. "వైరస్‌వి" అంటే చేతులు కట్టుకుని కూర్చుంటుంది. "కావు" అంటే ఆ క్షణమే అంటించడం మొదలుపెడుతుంది. ఏం చెప్పినా పరీక్షకుడిదే తప్పు. మన తార్కికులు వ్యాఘాతమనేది దీన్నే. కనుక తెర మూలన పచ్చ టిక్కు పెట్టి "మీరు పూర్తిగా సురక్షితం" అని యాంటీవైరస్ చెప్పే వాక్యాన్ని అర్థవాదంగా, అంటే స్తుతిగా మాత్రమే గ్రహించాలి.

ఇక విశేషనామాలు. వీటికి నామకరణం సాధారణంగా కన్నవాడు చేయడు, పట్టుకున్నవాడు చేస్తాడు. 2001లో ఒక వార్మ్‌ను పరిశీలిస్తున్న పరిశోధకులు ఆ వేళ తాగుతున్న కూల్‌డ్రింక్ పేరే దానికి పెట్టారు: కోడ్ రెడ్. అదే ఏడాది వచ్చిన నిమ్డా పేరు 'అడ్మిన్' తిరగేసి రాయగా వచ్చింది. 2008లో బయలుదేరినదాన్ని ఒక కంపెనీ కాన్‌ఫికర్ అంటే, ఒకటి డౌన్‌అడప్ అంది, మరొకటి కిడో అంది. మూడు పేర్లూ మూడు రోగాలనుకుని మూడుసార్లు భయపడ్డవారూ ఉంటారు. అన్నిటికంటే వేదాంతపరమైన పేరు 2017 నాటిది. అప్పటికే పెట్యా అనే రాన్సమ్‌వేర్ ఒకటుంది. కొత్తదీ అలాగే కనిపించింది, విప్పి చూస్తే అది కాదు. ఏమిటో చెప్పలేక 'నాట్‌పెట్యా' అన్నారు. ఉపనిషత్తుల నేతి నేతి పద్ధతి ఇంత తక్కువ అక్షరాల్లో మరెక్కడా దొరకదు.

కర్త తానే పేరు చెప్పుకున్న సందర్భమూ ఉంది. 1986 నాటి బ్రెయిన్ వైరస్‌లో దాన్ని రాసిన లాహోర్ అన్నదమ్ములు తమ పేర్లు, షాపు చిరునామా, ఫోన్ నంబర్లు కూడా పెట్టారు, టీకా కావాలంటే సంప్రదించమని. రోగమూ వైద్యమూ ఒకే కొట్లో దొరికిన ఆ కాలపు మర్యాద ఇప్పుడు లేదు.

చికిత్సా ప్రకరణం. ఇందులో రీస్టార్ట్‌వాదులు, స్కాన్‌వాదులు, ఫార్మాట్‌వాదులు అని మూడు సంప్రదాయాలు. మొదటివారిది భక్తిమార్గం, చర్చకు లొంగదు. స్కాన్‌వాదులు జబ్బుపడ్డ విండోస్ లోపలే కూర్చుని స్కాన్ చేస్తారు, అంటే దొంగనే కాపలా పెట్టి సోదా చేయిస్తారు. ఆఫ్‌లైన్ స్కాన్ పెడితే విండోస్ లేవకముందే వెతుకుతుంది, అది మేలు. ఫార్మాట్‌వాదం మన రిపేరు షాపుల రాజమతం.

"అన్నా, వైరస్ ఎక్కింది."

"ఫార్మాట్ కొట్టాలి. డేటా కావాలా?"

"డి డ్రైవ్‌లో ఉంది."

"అయితే సి ఒక్కటే కొడతా."

ఈ సంభాషణలోనే అనర్థమంతా ఉంది. సి శుద్ధి అవుతుంది. డి డ్రైవ్‌లో డేటాతోపాటు చుట్టం కూడా క్షేమంగా ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఫోల్డర్‌లో ఏదో ఒకటి రెండుసార్లు నొక్కగానే పునర్జన్మ.

పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ రోగానికి విడిగా ఒక మంత్రముంది: కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్, మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, స్లాష్ ఎస్, స్లాష్ డి. అర్థం తెలియకుండా జపించినా ఫలించే అరుదైన మంత్రం, డ్రైవ్ అక్షరం సరిగ్గా కొడితే చాలు. ఆ రోగం అసలు ఫోల్డర్లను దాచేసి అదే పేరుతో షార్ట్‌కట్లు నిలబెడుతుంది. మంత్రం దాచినవాటిని బయటపెడుతుంది, అంతే. దాచినవాడు అక్కడే ఉంటాడు. వాణ్నీ, వాడి షార్ట్‌కట్లనూ విడిగా తుడవాలి, ఆ పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతి కంప్యూటర్‌నూ చూడాలి.

ఫోన్‌కు పట్టే రోగం ఈమధ్య శుభలేఖ రూపంలో వస్తోంది. వాట్సాప్‌లో పెళ్లి కార్డు, లేదా ట్రాఫిక్ చలానా. పేరు చివర మాత్రం 'ఏపీకే' అని ఉంటుంది, అంటే అది కార్డు కాదు, యాప్. శుభలేఖను ఎవరూ ఇన్‌స్టాల్ చేయరు, చదువుతారు. అయినా నొక్కేశారా, ముందు నెట్ కట్టేయండి. ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు చేరవేయడమే దాని పని కాబట్టి వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. అన్‌ఇన్‌స్టాల్ నొక్కనివ్వకపోతే డివైస్ అడ్మిన్ అనుమతి లాక్కుని సేఫ్ మోడ్‌లో తీసేయాలి. అదీ కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్. పాస్‌వర్డులు శుభ్రమైన మరో యంత్రం మీదే మార్చాలి. జబ్బు ఫోన్‌లోనే మార్చితే కొత్తది ముందు వాడికే తెలుస్తుంది.

రాన్సమ్‌వేర్‌కు మొదటి చికిత్స వైరు పీకడం, వైఫై ఆపడం. డబ్బు కట్టినా తాళంచెవి వస్తుందన్న హామీ లేదు. 2016లో యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి పెట్టిన 'నో మోర్ రాన్సమ్'లో కొన్ని రకాలకు తాళాలు ఉచితంగా దొరుకుతాయి. నివారణ సంగతికి వస్తే, 2017 మేలో వానాక్రై ప్రపంచమంతా దూకి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలో కొన్నిటినీ పట్టుకుంది. దాని విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. "తర్వాత గుర్తుచేయి" అన్న బటన్‌ను ఈ శాస్త్రం అపథ్యాల్లో మొదటిదిగా లెక్కిస్తుంది.

ఆ ఏడాది జూన్‌లో నాట్‌పెట్యా డెన్మార్క్ ఓడల కంపెనీ మేర్స్క్‌ను పడగొట్టింది. లోపలికి ఎవరిని రానివ్వాలో చెప్పే డొమైన్ కంట్రోలర్లు దేశదేశాల్లో ఉన్నాయి, ఒకదానికొకటి నకలు. ఒకటి పోతే మరొకటి ఉందన్న ధీమా ఉండగానే అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలింది ఘనాలో ఒక్కటి. దాని గొప్ప ఏమీ లేదు, ఆ సమయానికి అక్కడ కరెంటు పోయింది. అక్కడి నెట్ వేగానికి డేటా పంపడానికి రోజులు పట్టేట్టుంది. డిస్కు పట్టుకుని, పునరుద్ధరణ నడుస్తున్న ఇంగ్లండ్ వెళ్దామంటే ఘనావాళ్లకు వీసా లేదు. చివరికి ఒకరు నైజీరియా దాకా ఎగిరి, విమానాశ్రయంలో మరొకరి చేతిలో పెట్టారు. అలా 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ లేచాయి.

దీన్ని బట్టి కరెంటు కోత చికిత్సలో భాగమా అని పూర్వపక్షం. అలాగైతే మన పల్లెలన్నీ ఎప్పుడో అమరత్వం పొందేవి. ఘనాలో కోత యాదృచ్ఛికం, బ్యాకప్ డిస్కు వైరు పీకి బీరువాలో పెట్టడం సంకల్పితం. ఫలం రెంటికీ ఒకటే అని సిద్ధాంతం. ఆ డిస్కు పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడు పెట్టి చూడాలా, అక్కర్లేదా అన్న విషయంలో వ్యాఖ్యాతలకు భేదాభిప్రాయముంది. ఒకసారి అవసరం పడ్డవాళ్లందరూ చూడాలన్న పక్షంలోనే ఉన్నారు.